ఎవరి బ్రోచర్‌కు వారే తొలి పరిశీలకులు

* రంగుల కన్నా సమాచారమే ప్రధానం
* మార్కులకు ముందే విద్యార్థి తన పనిని తాను సరిచూసుకోవాలి
* ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఉపయోగపడే సూచనలు

నల్గొండ, మహబూబ్‌నగర్: ఫ్లోరైడ్ నీటి ముప్పు, బాల్య వివాహాల నిరోధం, పిల్లలమర్రి విశేషాలు, నాగార్జునసాగర్ చరిత్ర... ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యార్థులకు ప్రాజెక్టు పనిగా బ్రోచర్ తయారుచేయడానికి అంశాల కొదవ లేదు. ఒక తెల్ల కాగితాన్ని మూడు భాగాలుగా మడిచి, రెండు వైపులా ఏర్పడిన ఆరు ముఖాలపై బొమ్మలు అతికించి, నాలుగేసి వాక్యాలు రాస్తే బ్రోచర్ సిద్ధమవుతుంది. ఉపాధ్యాయుడు చూసి సంతకం చేస్తారు, మార్కులు వేస్తారు. ఆ కాగితం బీరువాలోని కట్టలో చేరుతుంది. అక్కడితో పని ముగిసిందని అందరూ భావిస్తారు.

నిజానికి అసలు చదువు మొదలు కావలసింది అక్కడే. బ్రోచర్ అనేది పరీక్ష జవాబు పత్రం వంటిది కాదు. జవాబు పత్రాన్ని దిద్దే వ్యక్తి ఒక్కరే చదువుతారు. బ్రోచర్‌ను మాత్రం ఊరివారు చదువుతారు, నమ్ముతారు, దాని ప్రకారం నడుచుకుంటారు. అందులో ఒక్క వాక్యం తప్పయినా నష్టం విద్యార్థికి కాదు, చదివినవారికి. అందుచేత తాను రాసిన దానిని తానే పరీక్షించుకునే అలవాటు నేర్పకుండా బ్రోచర్ ప్రాజెక్టు ఇవ్వడమంటే, సగం పాఠం చెప్పి విడిచిపెట్టడమే అవుతుంది.

పాఠ్యపుస్తకంలోనే పునాది

స్వీయ మూల్యాంకనం మన పాఠశాలలకు కొత్త మాట కాదు. ఉమ్మడి రాష్ట్రంలో రూపొందిన తెలుగు పాఠ్యపుస్తకాలలో పాఠం చివర 'నేనివి చేయగలనా?' అనే పట్టిక కనిపిస్తుంది. పాఠాన్ని గురించి మాట్లాడగలను, చదివి అర్థం చేసుకోగలను, సొంత మాటల్లో రాయగలను వంటి వాక్యాలకు ఎదురుగా 'అవును', 'కాదు' అనే గడులు ఉంటాయి. అనేక తరగతి గదుల్లో ఆ పట్టికకు దక్కే సమయం ఒక నిమిషం మించదు. విద్యార్థులు పై నుంచి కింది వరకు 'అవును' గడిలో గీతలు పెట్టి పుస్తకం మూసివేస్తారు. ఎందుకు 'అవును' అన్నావని అడిగేవారు ఉండరు.

2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ పిల్లల అవగాహనను, దానిని వినియోగించే శక్తిని నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని నిర్దేశించింది. ఆ స్ఫూర్తితోనే నిరంతర సమగ్ర మూల్యాంకన విధానం వచ్చింది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అనే నాలుగు సాధనాలను నిర్ణయించారు. తెలంగాణలో 2014-15 నుంచి పదో తరగతిలో ప్రతి సబ్జెక్టుకు 80 మార్కులు వార్షిక పరీక్షకు, 20 అంతర్గత మార్కులకు కేటాయించారు. ఆ ఇరవైలో ప్రాజెక్టు పని వాటా అయిదు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ అంతర్గత మార్కులను తొలగిస్తున్నట్లు ప్రకటించి, వెంటనే ఆ విద్యాసంవత్సరానికి పాత విధానమే ఉంటుందని సవరించింది. మార్కుల పద్ధతి ఈ విధంగా మారుతూ ఉండవచ్చు. తన పనిలోని లోపాన్ని తాను గుర్తించే నేర్పు మాత్రం ఏ ఉత్తర్వుతోనూ రద్దు కాదు. 2020 జాతీయ విద్యా విధానం సైతం ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుని అంచనాతో పాటు విద్యార్థి స్వీయ అంచనా, సహవిద్యార్థుల అంచనా ఉండాలని చెప్పింది.

ఒక్క వాక్యం ఎంత పని చేస్తుంది?

ఈ ప్రాంతానికి అత్యంత పరిచితమైన ఫ్లోరైడ్ అంశాన్నే తీసుకుందాం. 'నీటిని కాచి చల్లార్చి తాగితే ఫ్లోరోసిస్ రాదు' అని ఒక విద్యార్థి బ్రోచర్‌లో రాశాడనుకుందాం. దస్తూరి ముత్యాల్లా ఉంది. బొమ్మ బాగుంది. అక్షరదోషం ఒక్కటీ లేదు. మార్కులు నిండుగానే పడతాయి. కానీ ఆ వాక్యం పూర్తిగా తప్పు.

ఆ తప్పు ఎక్కడ పుట్టిందో గమనిస్తే పిల్లల ఆలోచన అర్థమవుతుంది. కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధుల పాఠంలో నీటిని కాచి తాగాలని వారు చదివారు. అక్కడ అది నిజం. వేడికి సూక్ష్మక్రిములు చనిపోతాయి. ఫ్లోరైడ్ క్రిమి కాదు, నీటిలో కరిగి ఉన్న లవణం. నీటిని మరిగిస్తే నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది. అంటే మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుందే గాని తగ్గదు. ఆ బ్రోచర్ చదివిన తల్లి బోరు నీటినే కాచి, ఇక భయం లేదనుకుని బిడ్డకు పడుతుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో ఫ్లోరోసిస్ వల్ల వంగిన నడుములను, బిగుసుకుపోయిన కీళ్లను చూసినవారికి ఈ ఒక్క వాక్యం ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనవసరం లేదు.

ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో ఆ వాక్యాన్ని కొట్టివేస్తే ఒక్క తప్పు సరి అవుతుంది. 'ఈ మాట నీకెలా తెలిసింది?' అని విద్యార్థి చేత విద్యార్థినే అడిగించగలిగితే ముందు ముందు రాయబోయే తప్పులు కూడా తగ్గుతాయి. ఆ ప్రశ్నకు 'పుస్తకంలో చదివాను', 'ఆరోగ్య కార్యకర్త చెప్పారు', 'అనుకున్నాను' అనే మూడింటిలో ఏదో ఒక జవాబు వస్తుంది. 'అనుకున్నాను' అని జవాబు వచ్చిన ప్రతి వాక్యం కింద పెన్సిలుతో గీత పెట్టాలి. రుజువు దొరికితే గీత చెరిపివేయాలి. దొరకకపోతే వాక్యాన్నే తీసివేయాలి.

ఇలా వెదికే విద్యార్థికి నినాదాల స్థానంలో నికరమైన విషయాలు దొరుకుతాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారని తెలుస్తుంది. పళ్లు ఏర్పడే బాల్యదశలోనే పళ్లపై మచ్చలకు బీజం పడుతుందని, ఒకసారి వంగిన ఎముకలు తిరిగి చక్కబడవని, కనుక నివారణే మార్గమని తెలుస్తుంది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీటిని శుద్ధి చేసే పద్ధతిని రూపొందించిందని, దానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడిందని కూడా తెలుస్తుంది. అయితే ఆ పద్ధతిలో ఎంత పటిక వేయాలో నీటి పరీక్షను బట్టి నిర్ణయిస్తారు. 'నీటిలో పటిక కలపండి' అని మాత్రమే రాస్తే అది మరో అర్ధసత్యమవుతుంది.

నిన్నటి నిజం, నేటి నిజం

సమాచారం ఒకప్పుడు నిజమై ఉండి, ఇప్పుడు మారిపోయి ఉండవచ్చు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకంతో నదీజలాలు ఊళ్లకు చేరాయి. ఇరవై ఏళ్ల కిందటి వ్యాసం చూసి 'మా జిల్లా ప్రజలకు ఫ్లోరైడ్ నీరే గతి' అని రాస్తే అది నేటి మాట కాదు. అలాగని 'సమస్య తీరిపోయింది' అని రాయడమూ తొందరపాటే. నల్లా రాని రోజున తమ వీధివారు ఏ నీళ్లు తాగుతున్నారో విద్యార్థి అడిగి తెలుసుకోవాలి. బ్రోచర్‌కు జీవం పోసేది అటువంటి సమాచారమే.

జిల్లాల పేర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరు జిల్లా అయింది. ఇంటర్నెట్‌లో దొరికే పాత పుటల్లో అలంపురం నవబ్రహ్మ ఆలయాలు ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే, పోచంపల్లి ఇంకా నల్గొండ జిల్లాలోనే ఉంటాయి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చిన సంఘటన గురించి రాసేటప్పుడు 'అప్పటి నల్గొండ జిల్లా పోచంపల్లి' అంటే సరిపోతుంది. 'నల్గొండ జిల్లాలో ఉన్న పోచంపల్లి' అంటే దారి అడిగే పర్యాటకుడిని తప్పుదోవ పట్టించినట్లే.

రెండు పిల్లలమర్రులు

పేర్లు కలిసినప్పుడు వచ్చే చిక్కు మరొకటి. మహబూబ్‌నగర్ పట్టణ సమీపంలోని పిల్లలమర్రి శతాబ్దాల నాటి మర్రివృక్షం. సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రి ఒక గ్రామం. అక్కడ కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు 13వ శతాబ్దపు తొలినాళ్లలో కట్టించిన శివాలయాలు ఉన్నాయి. ఇంటర్నెట్ కేంద్రంలో 'పిల్లలమర్రి' అని వెదికితే రెండింటి చిత్రాలూ కలగలిసి వస్తాయి. మర్రిచెట్టు బొమ్మ కింద ఆలయ చరిత్ర, ఆలయ స్తంభం బొమ్మ పక్కన ఊడల వర్ణన చేరిపోవడానికి ఎంతో సేపు పట్టదు. ప్రతి బొమ్మనూ వేలితో చూపుతూ 'ఇది ఎక్కడిది?' అని తనను తాను అడిగిన విద్యార్థి ఈ పొరపాటును ఇట్టే పట్టుకుంటాడు.

'ప్రపంచంలోనే', 'ఆసియాలోనే', 'మొట్టమొదటి', 'అతి పెద్ద' అనే మాటలు కనిపించిన చోట ఆగి చూడటం కూడా నేర్పాలి. సొంత జిల్లా మీది అభిమానంతో మహబూబ్‌నగర్ మర్రిని ప్రపంచంలోనే పెద్దదని రాసే అవకాశముంది. ఆ విషయంలో 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కినది అనంతపురం ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమాను. అది ప్రస్తుతం శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. మన మర్రి మొదటిది కాకపోయినంత మాత్రాన దాని గొప్పతనానికి లోటు రాదు. 2017 చివర ఒక పెద్ద కొమ్మ విరిగిపడిన తర్వాత, చెదపురుగుల నుంచి రక్షించేందుకు 2018లో సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించి దానిని కాపాడుకున్న ఉదంతం, లేని బిరుదు కన్నా పాఠకుణ్ని ఎక్కువగా ఆకట్టుకుంటుంది.

చదివినవారు ఏం చేయాలి?

బ్రోచర్‌కు ఒక ప్రయోజనం ఉండాలి. బాల్య వివాహాలపై తయారయ్యే బ్రోచర్లలో 'బాల్య వివాహం సామాజిక దురాచారం, దానిని అరికడదాం' అనే వాక్యం తప్పక ఉంటుంది. వలస పోయే కుటుంబాలున్న పాలమూరు పల్లెలో, పదో తరగతి చదువుతున్న అమ్మాయికి ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయనుకుందాం. ఆ వాక్యం ఆమెకు ఏ విధంగా సాయపడుతుంది? 2006 నాటి చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండకుండా వివాహం చేయరాదని, 1098 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చని రాస్తే సాయపడుతుంది. ఆ నంబరు లోపలి మడతలో చిన్న అక్షరాల్లో ఉంటే ప్రయోజనం సగమే. పైముఖంపై పెద్దగా ఉండాలి.

'ఇది చదివినవారు రేపు ఏం చేయగలరు?' అనేది విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న. జవాబు ఒక్క వాక్యంలో రాకపోతే బ్రోచర్ ఇంకా పూర్తి కాలేదని అర్థం.

రంగుల పోటీలో వెనుకబడేది ఎవరు?

మూల్యాంకనంలో అలంకరణకే ప్రాధాన్యమిస్తే అన్యాయం జరిగేది పేద విద్యార్థికి. పట్టణంలోని డీటీపీ కేంద్రంలో రంగుల ముద్రణ చేయించుకున్న వారి బ్రోచర్ మెరిసిపోతుంది. అందులోని వాక్యాలు కొన్నిసార్లు విద్యార్థివి కాదు, డీటీపీ చేసినవారివి. తల్లిదండ్రులు వలస వెళ్లగా తాతమ్మల వద్ద ఉండి చదువుకునే పిల్లవాడు రూలు కాగితంపై నీలం పెన్నుతో తయారుచేసిన బ్రోచర్ దాని పక్కన వెలవెలబోతుంది. కొలబద్ద సమాచారం, స్పష్టత, ప్రయోజనం అయినప్పుడు ఇద్దరూ ఒకే గీతపై నిలుస్తారు. అందుకే అందరికీ ఒకే రకం తెల్ల కాగితం ఇచ్చి, తరగతి గదిలోనే చేతితో తయారు చేయించడం మేలు. అందం అక్కరలేదని కాదు. అక్షరాలు చేయి చాచిన దూరం నుంచి చదవగలిగేలా ఉన్నాయా, మడత మీద వాక్యం విరగకుండా ఉందా, బొమ్మకు పక్కనున్న మాటకు పొత్తు కుదిరిందా అని చూసుకోవడమే బ్రోచర్‌లో అందం.

తరగతి గదిలో అమలు ఎలా?

'మీ పనిని మీరే చూసుకోండి' అని చెప్పినంత మాత్రాన స్వీయ మూల్యాంకనం జరగదు. మంచి పని ఎలా ఉంటుందో తెలియని వారు తమ పనిని దేనితో పోల్చుకోగలరు? ఆస్ట్రేలియా విద్యావేత్త రాయిస్ శాడ్లర్ 1989లో ఈ విషయాన్నే వివరించారు. చేరవలసిన ప్రమాణం ఏమిటో విద్యార్థికి తెలియాలి, తన పనిని దానితో పోల్చుకోగలగాలి, రెండింటి మధ్య ఉన్న తేడాను పూడ్చుకునే అవకాశం ఉండాలి అన్నది ఆయన వాదన. మన పాఠశాలల్లో లోపించేది ముఖ్యంగా మూడవది. ప్రాజెక్టు సమర్పించాక దిద్దుకునే గడువు ఉండదు.

కాబట్టి పనిని మూడు అంచెలుగా విభజించుకోవచ్చు. మొదటి రోజు ఉపాధ్యాయుడు పేర్లు లేని రెండు పాత బ్రోచర్లను, ఒకటి మెరుగైనది, ఒకటి లోపాలున్నది, తరగతికి చూపాలి. ఏది బాగుంది, ఎందుకు బాగుంది అని పిల్లల చేత చెప్పించి, వారి మాటలనే నల్లబల్లపై రాయాలి. అదే ఆ తరగతి కొలబద్ద. పిల్లలు తాము పెట్టుకున్న నియమాన్ని ఎవరో పెట్టిన నియమం కన్నా శ్రద్ధగా పాటిస్తారు.

రెండవ అంచెలో చిత్తుప్రతి తయారుచేయాలి. దానిపై మార్కులు వేయరాదు. విద్యార్థి కొలబద్దలోని ఒక్కొక్క అంశానికి 'కుదిరింది', 'కొంత కుదిరింది', 'ఇంకా కుదరలేదు' అనే మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్న ప్రతిదానికీ బ్రోచర్‌లో ఆధారం చూపాలి. 'సమాచారం నిజం - కుదిరింది' అన్న విద్యార్థి ఏ వాక్యానికి ఆధారం ఎక్కడ దొరికిందో పక్కన రాయాలి. ఆధారం చూపాలనే ఈ ఒక్క నిబంధన ఉంటే, కళ్లు మూసుకుని 'అవును' గడులన్నీ నింపే అలవాటు దానంతట అదే పోతుంది. తర్వాత పక్క విద్యార్థి చదివి, అర్థంకాని ఒక చోటును మాత్రమే గుర్తించాలి. ఆ సాయంత్రం ఇంట్లో అమ్మకో నాయనమ్మకో చదివి వినిపించి, వారికి ఏం తెలిసిందో తిరిగి చెప్పించుకోవాలి. వారు చెప్పినదానికీ, తాను రాసినదానికీ తేడా ఉంటే లోపం వినేవారిది కాదు, వాక్యానిది.

మూడవ అంచెలో దిద్దుకున్న తుదిప్రతిని సమర్పించాలి. మార్కులు అప్పుడే. ఇజ్రాయెల్ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, మార్కులు లేకుండా వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న విద్యార్థుల పని మెరుగుపడింది. మార్కులు, వ్యాఖ్యలు రెండూ కలిపి ఇచ్చినవారిలో ఆ మెరుగుదల కనిపించలేదు. అంకె కనబడగానే దాని కింద రాసిన మాటను పిల్లలు చదవరన్నది ఉపాధ్యాయులందరికీ అనుభవమే.

కొన్ని ఇబ్బందులు లేకపోలేదు. కొందరు పిల్లలు తమ పనిని ఎక్కువగా, మరికొందరు బిడియంతో తక్కువగా అంచనా వేసుకుంటారు. స్వీయ అంచనాను మార్కులలో కలిపితే అందరూ తమకు తామే నిండు మార్కులు వేసుకుంటారు. కనుక దానిని మార్కుల లెక్కలోకి తీసుకోరాదు. తన లోపాన్ని తాను రాసుకున్న విద్యార్థికి ఆ కారణంగా మార్కు తగ్గించనూ రాదు. ఒక్కసారి తగ్గిస్తే ఆ తర్వాత ఎవరూ నిజం రాయరు. ఇక పనిభారం మాట. ఒక యూనిట్‌లో ఇచ్చే నాలుగు ప్రాజెక్టుల స్థానంలో ఒకటి ఇచ్చి, దానినే రెండుసార్లు చేయిస్తే సమయం సరిపోతుంది. అందరి బ్రోచర్లనూ ఉపాధ్యాయుడే మొదటి నుంచీ దిద్దే భారమూ తగ్గుతుంది.

తల్లిదండ్రులు చేయగలిగినది ఒక్కటే. బ్రోచర్ బాగుందా లేదా అని తీర్పు చెప్పకుండా, 'ఈ సంగతి నీకెవరు చెప్పారు?' అని అడిగితే చాలు.

విద్యార్థి తనను తాను అడగవలసిన ప్రశ్నలు

1. ఈ బ్రోచర్ ఎవరి కోసం? వారు చదవగలిగే మాటల్లో ఉందా?
2. ఇందులోని ప్రతి అంకె, తేదీ, పేరు నాకు ఎక్కడ దొరికింది? 'అనుకుని' రాసిన వాక్యం ఏదైనా ఉందా?
3. ఈ సమాచారం ఇప్పటికీ నిజమేనా? జిల్లా పేరు, ఫోన్ నంబరు సరిచూశానా?
4. ప్రతి బొమ్మ ఎక్కడిదో చెప్పగలనా?
5. ఏ వాక్యాలు నావి, ఏవి ఇతరుల నుంచి తీసుకున్నవి? తీసుకున్నచోట ఆ సంగతి రాశానా?
6. చదివినవారు రేపు ఏం చేయాలో ఒక్క వాక్యంలో చెప్పానా? అది పైముఖంపై ఉందా?
7. ఇంట్లో చదివి వినిపించానా? వారికి అర్థంకానిది ఏమిటి?
8. చిత్తుప్రతికీ తుదిప్రతికీ మధ్య నేను మార్చినది ఏమిటి? ఎందుకు మార్చాను?

ఎనిమిదో ప్రశ్నకు విద్యార్థి రాసే జవాబును బ్రోచర్‌తో పాటే భద్రపరచాలి. మరుసటి ప్రాజెక్టు మొదలుపెట్టే రోజున ముందుగా చదివించవలసినది దానినే.